ఇష్టం చల్లారిన చోట

ఆ మధ్య ఒక సోదరుడు అసర్ నమాజు తరువాత మసీదు మెట్ల మీద మమ్మల్ని ఆపి, కాస్త మాట్లాడాలన్నారు. ఆయన ముఖం చూస్తే ఇంట్లో ఏదో పెద్ద ఆపదే వచ్చిందనిపించింది. విషయం విన్నాక మొదట మాకు నవ్వొచ్చింది. ఇంకాసేపు విన్నాక ఆ నవ్వు నిలవలేదు.

ఆయన కొడుక్కి పదిహేడేళ్లు. ఏడో ఏట చదరంగం నేర్చుకున్నాడు. పదేళ్లపాటు ఆ ఆటే లోకంగా బతికాడు. జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, ఆదివారాలు, వేసవి సెలవులు అన్నీ దానికే. ఫ్రిజ్ మీద కప్పులు వరుసగా నిలబడి ఉన్నాయి. నాలుగు నెలల క్రితం ఒకరోజు ఆ అబ్బాయి బోర్డు మడిచి బీరువా మీద పెట్టేశాడు. ఇక ఆడను అన్నాడు. ఓడిపోయినందుకా అంటే కాదు. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదు. చదువు భారమా అంటే అదీ కాదు. "ఇష్టం పోయింది అబ్బా" అని ఒక్క ముక్కే చెప్పాడట.

"పదేళ్లండీ! ఎన్ని బస్సులెక్కాం, ఎంత డబ్బు పోశాం! అంతా బూడిదలో పోసినట్టేనా? ఇష్టం పోవడం అంటే ఏమిటి? అదేమైనా పర్సా, జేబులోంచి జారిపోవడానికి?" అన్నారాయన.

వారం తరువాత ఆ అబ్బాయితోనూ మాట్లాడాం. వాడి బాధ ఇంకో రకం. "చాచా, ముందు బోర్డు ముందు కూర్చుంటే పావులు ఎక్కడికి పోవాలో అవే చెప్పేవి. ఇప్పుడు చెక్కముక్కలే కనిపిస్తున్నాయి. అబ్బాను మోసం చేసినట్టుంది. నాలో ఏదో చచ్చిపోయినట్టుంది" అన్నాడు.

తండ్రి అడిగింది లెక్క. కొడుకు అడిగింది తప్పొప్పు. ప్రాణంగా ప్రేమించిన ఒక పని మీద మనసు విరిగిపోవడం దోషమా? విరిగిన తరువాత కూడా దాన్ని పట్టుకుని ఉండటం బాధ్యతా? ఇది ఒక్క చదరంగం సంగతి కాదు. మన ఇళ్లల్లో కుట్టుమిషను మూతపడిన అక్కయ్యలు ఉన్నారు. ఖత్తాతీ నేర్చుకుని, కలం సిరా ఎండబెట్టిన అన్నయ్యలు ఉన్నారు. పావురాల గూడు ఖాళీ చేసిన చిన్నాన్నలూ ఉన్నారు. ఎవరూ దాన్ని పెద్ద విషయంగా చెప్పుకోరు. కానీ అడిగి చూడండి, అందరి గొంతూ ఒక్కసారి తగ్గుతుంది.

మాకూ ఆ అనుభవం ఉంది. మాకు షత్రంజ్ నేర్పింది మా మామూ. గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. ఇషా నమాజు అయ్యాక కొట్టు అరతలుపు మూసి, గాజు బల్ల మీద బట్ట పరిచి పావులు పేర్చేవారు. ఆయన నోట మంత్రి ఎప్పుడూ వజీరే, బంటు ప్యాదాయే, శకటు ఊంటే. మాకు పదకొండేళ్లు. గోడ మీద పది పన్నెండు గడియారాలు తలా ఒక సమయం చూపిస్తుంటే, మధ్యలో మేమిద్దరం. ఆ రాత్రుల సంగతి తరువాత చెబుతాం.

ముందు ఈ ఇష్టం అనేది దేన్ని తిని బతుకుతుందో చూడాలి. ఇష్టం గాలి మీద బతకదు, దానికి మేత కావాలి. ఏడేళ్ల పిల్లవాడికి మొదటి మేత ఆశ్చర్యం. గుర్రం రెండు గడులు దూకి పక్కకు తిరగడమే వాడికి ఒక అద్భుతం. కొన్నాళ్లకు ఆశ్చర్యం అరుగుతుంది. అప్పుడు గెలుపు మేత అవుతుంది. తరువాత మెప్పు. మన కాలంలో ఇంకొకటి వచ్చి చేరింది, రేటింగు. ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది, తనకంటే చిన్న అంకె ఉన్నవాడి చేతిలో ఓడితే మరీ తరుగుతుంది. పోటీ అయిన మరుక్షణం తండ్రి అడిగేది ఎలా ఆడావని కాదు, ఎన్ని పాయింట్లు పోయాయని. కొన్నాళ్లకు పిల్లవాడూ అదే అడగడం మొదలుపెడతాడు. అప్పుడు పైకి ఆట కనిపిస్తూనే ఉంటుంది, లోపల మాత్రం మేత మారిపోయి ఉంటుంది. మెప్పు తిని బతికిన ఇష్టం మెప్పుకు అలవాటు పడుతుంది, తరువాత మెప్పు కూడా రుచించదు. ఫోనులో మూడేసి నిమిషాల ఆటలు వచ్చాక ఇది మరీ వేగంగా జరుగుతోంది. ఒక రాత్రిలో ముప్పై ఆటలు ఆడినవాడికి ముప్పై ఒకటో ఆటలో ఏం మిగులుతుంది?

అన్నిసార్లూ కారణం ఇదే అని మేము అనం. ఒక్కోసారి మనిషే మారిపోతాడు. పదేళ్ల పిల్లవాడి చెప్పులు పదిహేడేళ్లకు పట్టకపోవడం చెప్పుల తప్పు కాదు, కాళ్ల తప్పూ కాదు.

చదరంగం చరిత్రలో మనకు బాగా దగ్గరైన ఒక మనిషి కథ ఉంది. పేరు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులోని మిఠా టివానా ఊరివాడు. తండ్రి దగ్గర మన దేశపు పద్ధతిలో షత్రంజ్ నేర్చాడు. ఆ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకదు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు ఆయన ప్రతిభ చూసి చేరదీసి, పాశ్చాత్య నియమాలు నేర్పించి, 1929లో తన వెంట ఇంగ్లండు తీసుకెళ్లాడు. ఆ ఏడే సుల్తాన్ ఖాన్ బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లోనూ 1933లోనూ మళ్లీ అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి దిగిన కపాబ్లాంకాను హేస్టింగ్స్ పోటీలో ఓడించాడు. ఒలింపియాడ్‌లలో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్ల మీద కూర్చుని ఆడాడు. దొరల దేశంలో, దొరల జట్టుకు, ఒక పంజాబీ ముస్లిం!

1933 చివరిలో ఆయన స్వదేశానికి తిరిగొచ్చారు. ఆ తరువాత కొద్దిగా ఆడి, పోటీల లోకం నుంచి పూర్తిగా తప్పుకున్నారు. వ్యవసాయం చూసుకుంటూ సర్గోధా ప్రాంతంలో బతికి, 1966లో మరణించారు. తన పిల్లలకు ఆట నేర్పలేదనీ, ఇంతకంటే ఉపయోగపడే పని చేయమని చెప్పారనీ ఆయన కుమారుని మాటగా ప్రచారంలో ఉంది. ఆయన నిరక్షరాస్యుడైన నౌకరని పాశ్చాత్య రచయితలు రాసినదాన్ని మాత్రం మనవరాలు ఖండించారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 2024లో, అంటే ఆయన పోయిన యాభై ఎనిమిదేళ్లకు, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లు చివరకు వచ్చేసరికి ఎప్పుడూ నిట్టూరుస్తారు. ఎంత ప్రతిభ! పొలం గట్ల పాలైందే! అంటారు. మాకా నిట్టూర్పు అర్థం కాదు. పొలం దున్నడం పతనమా? ఆయనకు ఇంగ్లండు చలి పడలేదని, అక్కడ తరచూ జబ్బు పడేవారని రాశారు. ఆయన ఎక్కడ ఉండాలో, ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించినది మరొకరు. అలాంటి మనిషి తన నేల మీదికి వచ్చి, తన ఇష్టంతో బోర్డు మూసి ఉంటే, అది జీవితంలో ఆయన స్వయంగా వేసిన మొదటి ఎత్తు కావచ్చు. ఆయన లోపల ఏముందో అల్లాహ్‌కే తెలుసు. ప్రతిభ ఉంది గనుక ఆ మనిషి చచ్చేదాకా దానికి బాకీ పడి ఉండాలనే మాట మాత్రం మాకు న్యాయంగా తోచదు. ప్రతిభ అమానతే, నిజమే. కానీ అమానత్ ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు, చప్పట్లు కొట్టినవాళ్లు కాదు.

మన కాలంలో మాగ్నస్ కార్ల్‌సన్‌ది ఇంకో తీరు. 2013లో చెన్నైలో మన ఆనంద్‌ను ఓడించి ప్రపంచ కిరీటం అందుకున్నాడు. నాలుగుసార్లు దాన్ని నిలబెట్టుకున్నాడు. 2022 జులైలో, ఇక ఆ కిరీటం కోసం పోటీ పడాలన్న ఉత్సాహం తనలో లేదని చెప్పి వదిలేశాడు. ఆట మానలేదు, ఆ ఒక్క పోటీ మానాడు. అహంకారమని కొందరు, నిజాయితీ అని కొందరు అన్నారు. తనలో ఏది చచ్చిందో, ఏది బతికి ఉందో వేరు చేసి చూసుకున్నాడు కదా, ఆ పని చాలామంది చేయరు. మొత్తం పారేస్తారు, లేదా మొత్తం మోస్తారు. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపిని చూడండి. పదిహేనేళ్లకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లి కావడం కోసం సుమారు రెండేళ్లు ఆటకు దూరమై, 2018లో తిరిగొచ్చి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. బోర్డు బీరువా మీదికెక్కితే ఇక అంతేనని అనుకోనక్కర్లేదు. అలాగని తప్పకుండా దిగుతుందని ఆ తండ్రికి ఆశ పెట్టడం కూడా మాకిష్టం లేదు.

ఇక్కడ కొందరు పాఠకులకు కోపం రావచ్చు. అసలు చదరంగమే మంచిది కాదు కదా, పోతే పోయింది, అల్‌హమ్దులిల్లాహ్ అనక ఇంత చర్చ ఎందుకు అని. నిజమే, ఈ ఆట విషయంలో ధర్మవేత్తలు ఒక్క మాట మీద లేరు. హనఫీ పండితులు సాధారణంగా దాన్ని వారించారు. ఇమామ్ షాఫియీ (రహ్మతుల్లాహి అలైహి) మార్గంలో, పందెం లేకుండా, నమాజుకు అడ్డం రాకుండా ఉంటే నిషిద్ధం కాదన్నారు. అయినా అది ఇష్టపడదగినదని అనలేదు. ఎవరు ఏ పండితుల మాట అనుసరిస్తారో వారు దాన్నే అనుసరించాలి. ఇక్కడ తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ ఒక్క సంగతి. ఆ అబ్బాయి పాపభీతితో ఆట మానలేదు. విసుగుతో మానాడు. విసుగును తౌబా అని పిలిచి, వాడు సంపాదించని పుణ్యాన్ని వాడి ఖాతాలో వేయడం మనకు తగదు. దైవం కోసం ఒక ఇష్టాన్ని వదిలినవాడికీ, ఇష్టం తనంతట తానే వదిలిపోయినవాడికీ తేడా ఉంది. మొదటివాడి చేతిలో త్యాగం ఉంది. రెండోవాడి చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఉత్సాహం పొంగడం, తగ్గడం మన ధర్మానికి తెలియని విషయం కాదు. ప్రతి పనికీ ఒక పొంగు ఉంటుందనీ, ఆ పొంగు తరువాత ఒక మందగింపు ఉంటుందనీ, ఆ మందగింపులో మనిషి ఎటు తిరుగుతాడన్నదే ముఖ్యమనీ దైవప్రవక్త (స) ప్రబోధించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది. హదీసులో వాడిన మాటలు షిర్రహ్, ఫత్రహ్. రాత్రంతా నమాజు, పగలంతా ఉపవాసం అని కంకణం కట్టుకున్న యువకుడు ఆ అబ్దుల్లాహ్ (రజి). ఆయన్ను తగ్గించమని ఆపింది స్వయంగా ప్రవక్త (స). ఆరాధనలోనే పొంగు శాశ్వతంగా ఉండదంటే, అరవై నాలుగు గడుల బోర్డు మీద ఎలా ఉంటుంది?

అయితే ఈ పోలికను ఇంకో అడుగు లాగకూడదు. ఈ మధ్య కొందరు యువకులు చదరంగం గురించి చెప్పిన గొంతుతోనే నమాజు గురించీ చెబుతున్నారు. మనసు రావడం లేదు, మనసు లేకుండా చేస్తే కపటం కదా అని. కాదు. నమాజు మన ఇష్టం మీద నిలబడిన పని కాదు, మన మీద ఉన్న హక్కు. ఇష్టం ఉన్న రోజు అది తీపి, లేని రోజు అది విధేయత. అమ్మకు మందు ఇవ్వడానికి మనసు వచ్చేదాకా ఆగుతామా? సరదా పని దానికి పూర్తిగా వేరు. అది ఎవరి హక్కూ కాదు. దాని పునాదే ఇష్టం. పునాది పోయాక గోడలు నిలబెట్టమని ఆ పిల్లవాడిని బలవంతపెట్టే అధికారం తండ్రికి కూడా లేదు. జట్టుకు మాట ఇచ్చి ఉంటే ఆ పోటీ వరకు ఆడాలి, ఎందుకంటే మాట హక్కు అవుతుంది. అంతే.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) జీవితంలో ఈ ఘట్టమే ఎంతో పెద్ద ఎత్తున కనిపిస్తుంది. బాగ్దాదు నిజామియా మదరసాలో ఆయనది అత్యున్నత పీఠం. వందలాది విద్యార్థులు. హిజ్రీ 488లో, అంటే 1095లో, ఆయనకు బోధన సాగలేదు. పాఠం చెప్పబోతే నాలుక కదిలేది కాదు, ముద్ద దిగేది కాదు. వైద్యులు చూసి ఇది మనసుకు సంబంధించిన వ్యాధి అన్నారు. తన బోధన వెనుక ఉన్న సంకల్పాన్ని తాను పరీక్షించుకుంటే, అక్కడ దైవప్రసన్నత కాక కీర్తికాంక్ష కనిపించిందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. పదవి వదిలి వెళ్లిపోయారు. ఏళ్ల తరువాత, 1106లో, నిషాపూరులో మళ్లీ అదే బోధన చేపట్టారు. పని అదే. మేత మారింది. ఆ ఇమామే పిల్లల పెంపకం గురించి రాస్తూ, చదువు తరువాత పిల్లవాడిని ఆడుకోనివ్వాలనీ, ఆట మాన్పించి ఎప్పుడూ చదువే మోపితే వాడి హృదయం చచ్చిపోతుందనీ హెచ్చరించారు. ఆటను కూడా మోపేవాళ్లు పుడతారని ఆయన కాలంలో ఎవరు ఊహించి ఉంటారు!

ఆ సోదరుడి దగ్గరకు వద్దాం. రెండోసారి కలిసినప్పుడు ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగాం. పోటీల హాల్లో అబ్బాయి ఆడుతుంటే మీరేం చేసేవారు? ఆయన ముఖం వెలిగింది. బయట చెట్టు కింద తండ్రులందరూ కూర్చునేవారట. తెచ్చుకున్న టిఫిన్లు పంచుకునేవారట. ఫలానా ఊరి లెక్చరరు గారు, ఫలానా ఊరి ఫ్యాన్సీ షాపాయన అంటూ చెప్పుకుపోయారు. 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్ల గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, ఆ కుర్రాడి తండ్రి వైద్యవృత్తి పక్కనబెట్టి కొడుకు వెంట తిరిగిన సంగతి వాళ్లు ఎన్నిసార్లు చెప్పుకున్నారో! చెప్పి చెప్పి ఆగిపోయారు. "ఇప్పుడు ఆదివారం వస్తే ఏం చేయాలో తోచడం లేదండీ" అన్నారు.

అసలు దుఃఖం ఇక్కడుంది. ఇష్టం చల్లారింది కొడుకుది, చలి వేస్తున్నది తండ్రికి. పదేళ్లు వృథా అయ్యాయా అని ఆయన అడిగితే, మేము లాభాల పట్టిక చదవలేదు. ఏకాగ్రత వచ్చింది, సహనం వచ్చింది, ముట్టుకున్న పావును కదపాల్సిందే అనే నియమంతో మాట నిలకడ వచ్చింది అని చెప్పవచ్చు. అవి కొంత నిజమూ కావచ్చు. కానీ ఒక తండ్రీ కొడుకులు పదేళ్లు ఒకే బస్సు సీటులో పక్కపక్కన కూర్చుంటే, దాన్ని ఇంకా దేనికోసమో పెట్టిన పెట్టుబడిగా ఎందుకు చూడాలి?

ఇప్పుడు మా మామూ సంగతి. మాకు ఇరవై రెండేళ్లప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల తరువాత ఒక బక్రీదుకు ఊరెళ్లాం. ఇషా తరువాత ఆయన ఎప్పటిలాగే బట్ట పరిచారు. మాలో ఆ ఇష్టం అప్పటికే లేదు, ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. మర్యాదకు ఆడాం. ఇరవై ఎత్తులు కూడా కాకముందే ఆయన తలెత్తి మా కళ్లలోకి చూశారు. "బస్ బేటా, అలసిపోయావు" అని, పావులన్నీ బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టారు. మళ్లీ ఎప్పుడూ ఆడదామని పిలవలేదు.

ఆట మానడం మా తప్పు కాదు. ఆ తరువాత చేసిందే తప్పు. ఆట లేకుండా ఆయనతో ఏం మాట్లాడాలో మాకు తెలియలేదు. పదేళ్లూ పావులే మా ఇద్దరి మధ్య మాట్లాడాయి. అవి ఆగాక మేము మాటలు వెతుక్కోలేదు. ఊరెళ్లినప్పుడు సలాం చెప్పి, అయిదు నిమిషాలు నిలబడి వచ్చేసేవాళ్లం. కొట్టు ముందు నుంచి కాక వెనుక సందులో నుంచి వెళ్లిన రోజులూ ఉన్నాయి. ఇష్టం మన చేతిలో లేదు, అది వస్తుంది, పోతుంది. బంధుత్వం అలా కాదు, దానికి లెక్క ఉంది. రెండూ ఒకే మూటలో కట్టి ఉన్నాయి కాబట్టి ఒకటి విప్పుతూ రెండోదీ జారవిడిచాం. ఆయన పోయాక ముమానీ ఆ డబ్బా మా చేతికిచ్చారు. ఒక ప్యాదా ఎప్పుడో పోయింది. దాని బదులు పాత గడియారం కీ పెట్టి ఉంది. ఎవరితో ఆడటానికి పెట్టుకున్నారో అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

ఈ సంగతి ఆ సోదరుడికీ ఇలాగే చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బోర్డు అమ్మవద్దనీ, కప్పులు దించవద్దనీ, ఖాళీ అయిన ఆదివారాన్ని వెంటనే కోచింగుతో నింపవద్దనీ మాత్రం అన్నాం. ఆ ఖాళీని ఫోను మింగుతుందేమోనన్న భయం ఆయనకుంది, అది తీసిపారేయదగిన భయమేమీ కాదు.

పోయిన నెల మళ్లీ కలిశారు. అబ్బాయి ఆట మొదలుపెట్టలేదట. మరి ఆదివారాలు ఎలా గడుస్తున్నాయని అడిగాం.

"ఫజర్ తరువాత వాడే లేపుతున్నాడండీ. ఇద్దరం బస్టాండు దాకా నడిచి వెళ్లి, అక్కడ టీ తాగి వస్తున్నాం. బస్సు మాత్రం ఎక్కడం లేదు" అన్నారు.